మా అమ్మ భాషను హిందీ కింద లెక్కేయకండి: జనగణన అధికారులకు బహిరంగ లేఖ

జనగణన నిర్వహిస్తున్న ఉన్నతాధికారులకు, ఎన్యూమరేటర్లుగా ఇంటింటికీ రాబోతున్న తోటి ఉపాధ్యాయులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుణ్ని. తండాలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. మమ్మల్ని ఒకచోట లంబాడీలంటారు, ఒకచోట సుగాలీలంటారు, ఇంకోచోట బంజారాలంటారు. మాలో మేము చెప్పుకునే పేరు గోర్మాటి. జనాభా లెక్కల్లో మా మాతృభాషను నమోదు చేసే తీరు గురించి మా తండా పెద్దలం కలిసి ఇప్పటికి మూడుసార్లు అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి, జవాబు మాత్రం రాలేదు. 2027 ఫిబ్రవరిలో మళ్లీ జనాభాను లెక్కించబోతున్నారు. ఆ అదను దాటితే మా మాట వినేవాళ్ల కోసం మరో పదేళ్లు, 2021లో జరగాల్సిన లెక్కకు పడిన ఆలస్యం చూస్తే అంతకంటే ఎక్కువే, ఎదురుచూడాలి. అందుకే ఈ విషయాన్ని నలుగురిలో పెడుతున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

2011 ఫిబ్రవరిలో లెక్కల కోసం మా తండాకు ఒక ఉపాధ్యాయుడు వచ్చాడు. అమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. పేరు, వయసు, పెళ్లి, మతం, తెగ అన్నీ తెలుగులో అడిగాడు. అమ్మ తనకొచ్చిన తెలుగులో చెప్పింది. ఫారంలో పదో ప్రశ్న మాతృభాష. ఆ ప్రశ్న ఆయన అడగలేదు, నేరుగా 'తెలుగు' అని రాశాడు. నేను పక్కనే ఉన్నాను. మా ఇంటి భాష అది కాదని చెబితే, 'మీరంతా తెలుగు బాగానే మాట్లాడుతున్నారు కదా సార్, ఏది రాస్తే ఏముంది?' అన్నాడు. మంచి మనిషే. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి అలసిపోయాడు. పట్టుబడితే మా ఇంటి వరకు కొట్టేసి 'లంబాడీ' అని దిద్దాడు. అప్పటికే రాసేసిన ఇళ్ల కాగితాలు మాత్రం అలాగే పోయాయి.

ఆయన్ను తప్పుపట్టే ముందు నా తప్పు కూడా చెప్పాలి. అదే నెలలో వేరే ఊళ్లో నాకూ ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది. అక్కడ ఒక ఎరుకల కుటుంబం ఉంది. వాళ్ల ఇంట్లో వాళ్ల భాష వేరే ఉంటుందని నాకు తెలుసు. అయినా చీకటి పడుతోందని, ఇంకా ఇళ్లు మిగిలి ఉన్నాయని, అడగకుండానే 'తెలుగు' అని రాశాను. మా అమ్మకు జరిగిందే ఆ ఇంటి అవ్వకు నా చేత్తో జరిగింది. పదిహేనేళ్లయినా అది నన్ను వదల్లేదు. ఇలాంటి పొరపాటు దుర్మార్గులు చేసేది కాదని, తొందరలో ఉన్న ఎవరి చేతనైనా జరిగిపోయేదని నాకు అనుభవం మీద తెలుసు. కాబట్టి దాన్ని ఎన్యూమరేటర్ మంచితనానికి వదిలేయకుండా పద్ధతిలోనే సరిదిద్దాలి.

నిజానికి మీ నియమాల్లో లోపం లేదు. జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, బాల్యంలో ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ విడివిడిగా అడగాలి. చెప్పినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే పూర్తిగా రాయాలి. అది భాషా, యాసా అని తేల్చే పని ఎన్యూమరేటర్‌ది కాదు. శిక్షణలో మాకు చెప్పింది ఇదే. కానీ రోజంతా నడిచిన ఆ శిక్షణలో ఈ ప్రశ్నకు దక్కింది రెండు నిమిషాలు.

ఇక రెండో సంగతి. మా ఇంట్లో పట్టుబట్టి దిద్దించిన ఆ ఒక్క మాట చివరికి ఎక్కడికి చేరిందో 2018లో తెలిసింది.

2011లో సేకరించిన భాషల వివరాలు బయటికి రావడానికి ఏడేళ్లు పట్టింది. దేశమంతటా జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. స్పెల్లింగు తేడాలు, ఒకే భాషకున్న వేర్వేరు పేర్లు సర్దగా 1,369 మిగిలాయి. మరో 1,474 పేర్లు ఏ కోవలోకి వస్తాయో తేలక 'ఇతరాలు'లో పడ్డాయి. వీటిలో కనీసం 10,000 మంది చెప్పిన 270 పేర్లనే బయటపెట్టి, వాటిని మళ్లీ 121 భాషల కింద సర్దారు. ఆ సర్దుబాటులో 'లమానీ/లంబాడీ' అని చెప్పిన 32 లక్షల 76 వేల మందిని హిందీ కింద వేశారు. 'బంజారీ' అని చెప్పిన 15 లక్షల 81 వేల మందిని కూడా హిందీ కిందే వేశారు.

మా అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు.

ఆ పట్టికలో హిందీ మాట్లాడేవాళ్లు 52 కోట్ల 83 లక్షలని ఉంటుంది. అందులో తమ భాష పేరు హిందీ అని స్వయంగా చెప్పుకున్నవాళ్లు 32 కోట్ల 22 లక్షలు. మిగతా 20 కోట్ల పైచిలుకు మంది భోజ్‌పురి అనో, రాజస్థానీ అనో, ఛత్తీస్‌గఢీ అనో, మాలాగా లంబాడీ అనో వేరే పేరు చెప్పినవాళ్లు. భోజ్‌పురివాళ్లే 5 కోట్లు దాటారు. హిందీ మీద నాకు ఏ కోపమూ లేదు. అది గొప్ప భాష, మా పిల్లలు బడిలో నేర్చుకుంటున్నారు. మేము చెప్పిన జవాబును మమ్మల్ని అడగకుండా మార్చారన్నదే మా బాధ.

'మీ భాష రాజస్థానీకి, గుజరాతీకి దగ్గరిది, అందుకే అలా సర్దాం' అని మీ నిపుణులు అంటారు. దగ్గరిదన్న మాట నిజమే, మేమూ కాదనం. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఆ వైపు నుంచే దక్కనుకు దిగారని మా పాటలు చెబుతాయి. అయితే చుట్టరికం ఉన్నంత మాత్రాన రెండు ఇళ్లకు ఒకే రేషన్ కార్డు రాయరు కదా! తెలుగుకూ గోండీకీ కూడా భాషాశాస్త్రం చుట్టరికం చెబుతుంది. అలాగని గోండును తెలుగువాడిగా లెక్కేస్తే ఇద్దరూ ఒప్పుకోరు. కొన్ని వందల ఏళ్లుగా తెలుగు, కన్నడ, మరాఠీ నేలల మీద బతుకుతూ మా భాష తన దారి తాను పట్టింది. తల్లిని మేము 'యాడి' అంటాం. ఆ పిలుపు ఏ హిందీ వాచకంలో ఉందో చూపించండి.

ఇది ఒక్క మా గొడవే కూడా కాదు. ఆ రోజు నేను రాయని ఎరుకల భాషను మీ పట్టికలో వెతికితే తమిళం కింద దొరుకుతుంది.

ఇప్పుడు హక్కుల మాట. రాజ్యాంగం 29(1) అధికరణం ప్రకారం తమదంటూ ప్రత్యేకమైన భాష, లిపి లేదా సంస్కృతి ఉన్న పౌర వర్గం ఏదైనా దాన్ని కాపాడుకోవచ్చు. ఆ హక్కు ఇచ్చింది వర్గానికి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. దాని 27వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలవాళ్లు తమ తోటివాళ్లతో కలిసి తమ సంస్కృతిని అనుభవించడానికీ, తమ భాషను వాడుకోవడానికీ అడ్డు చెప్పకూడదంటుంది. ఈ హక్కు ఒక్కో మనిషికి చెందినదే అయినా, ఆ సమూహం తన సంస్కృతిని, భాషను నిలబెట్టుకోగలిగితేనే నిలుస్తుందని ఐరాస మానవ హక్కుల కమిటీ 1994లో వివరించింది. 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటనకు మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. తమ సమూహాన్ని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించుకుని, ఆ పేరు నిలుపుకునే హక్కు అందులో రాసి ఉంది.

ఇవన్నీ కాగితం మీద మాటలని కొట్టిపారేయకండి. కాగితం మీద రాసిన మాట మనిషి బతుకును ఎలా శాసిస్తుందో మాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ దేశంలో కొద్దిమందే. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాల కింద మా పూర్వీకుల్లో ఎందరినో పుట్టుకతోనే దొంగలుగా రిజిస్టర్లలో రాశారు. పేరు రాస్తే పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. ఆ రాత చెరగడానికి 1952 ఆగస్టు 31 దాకా ఆగాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మమ్మల్ని తలోరకంగా రాశారు. ఆంధ్రలో ఎస్టీలం, కర్ణాటకలో ఎస్సీలం, మహారాష్ట్రలో విముక్త జాతులం. తెలంగాణలో ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్ట సవరణతో. సరిహద్దుకు అటు మేనమామ ఒక జాబితాలో, ఇటు మేనల్లుడు ఇంకో జాబితాలో. ఇన్ని ముక్కలైన మమ్మల్ని కలిపి ఉంచుతున్నది ఒక్క భాషే. ఇప్పుడు దాని పేరు కూడా లెక్కలో లేకుండా పోతోంది.

దీనివల్ల మామూలు మనుషులకు కలుగుతున్న నష్టం ఇదీ:

1. బడిలో. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంటోంది. పట్టికలో హిందీ కింద ఉన్న పిల్లవాడికి ఏ భాషలో వాచకం అచ్చువేస్తారు? ఒకటో తరగతిలో నా దగ్గరికి వచ్చే తండా పిల్లలను ఏటా చూస్తున్నాను. గ్లాసు చూపించి 'ఇందులో ఏముంది?' అంటే 'పాణి' అంటాడు. 'నీళ్లు అనాలి' అని సరిచేస్తాం. రెండోసారి అడిగితే తప్పు చెబుతానేమోనని నోరు విప్పడు. కొందరు దసరా దాకా మాట్లాడరు. భాష తెలియని టీచరుకు ఆ మౌనం మొద్దుతనంగా కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియాలతో పాటు మా భాష కూడా అందులో ఉంది. తెలుగు లిపిలో గోర్ బోలి వాచకం చేతికొచ్చిన రోజు ఆ పిల్లలు దాన్ని చుట్టూ చేరి చదివిన తీరు నేను మరిచిపోలేను. మా బడికి ఆ పుస్తకాలు రెండేళ్లే వచ్చాయి. ఎందుకు ఆగాయని అడిగితే, ఎంతమంది మాట్లాడతారో లెక్క చూపించమన్నారు.

2. గుర్తింపులో. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలంటూ కేంద్రం దగ్గర ఉన్న 38 భాషల కోరికల్లో బంజారా ఉంది, గోండీ ఉంది, తుళు ఉంది. లమానీ/లంబాడీ, బంజారీ రెండూ కలిపితే మేము 48 లక్షల పైమాటే. 2011 లెక్కల్లోనే షెడ్యూలులో ఉన్న డోగ్రీ 26 లక్షలు, నేపాలీ 29 లక్షలు, కొంకణి 22 లక్షల పైచిలుకు, మణిపురి 17 లక్షల పైచిలుకు, బోడో 15 లక్షల లోపు. ఆ భాషలకు దక్కిన గౌరవం న్యాయమైనదే, ఇంకా దక్కాలి. కానీ మా 48 లక్షలు వేరే భాష మొత్తంలో కలిసిపోయి ఉన్నప్పుడు, మేము ఏ అంకె చూపించి అడగాలి?

3. ఆసుపత్రిలో, పోలీసు స్టేషన్లో, కోర్టులో. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో మా అమ్మ తెలుగులో చెప్పలేదు. నేను పక్కన ఉంటే సరి. లేని రోజున 'కడుపునొప్పి' అని రెండు మాటలు చెప్పి ఊరుకుంటుంది. ఫలానా మండలంలో గోర్ బోలి మాత్రమే వచ్చిన ముసలివాళ్లు ఎందరున్నారో లెక్క ఉంటే, అక్కడి ఆరోగ్య కేంద్రంలో ఆ భాష వచ్చిన ఒక్క నర్సునైనా వేయమని అడగవచ్చు. వాళ్లంతా తెలుగువాళ్లనో హిందీవాళ్లనో రాసి ఉంటే, ఆ అవసరం ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

4. తరుగుదల తెలియకపోవడం. ఇది అన్నిటికంటే భయపెడుతోంది. మా పెళ్లిళ్లలో ఢావ్లో అని ఒకటి ఉంది. పెళ్లికూతురు పుట్టింటి నుంచి కదిలేముందు అమ్మను, మేనత్తను, వదినను ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూనే పాడుతుంది. ముందే కట్టిన మాటలేవీ ఉండవు. ఆ మనిషి తనను ఎత్తుకున్న రోజులు, పెట్టిన అన్నం, ఇకమీదట తనకెవరు ఎదురొస్తారన్న దిగులు, అన్నీ అప్పటికప్పుడు పాటవుతాయి. మా అక్క పెళ్లిలో ఢావ్లో తెల్లవారేదాకా సాగింది. మూడేళ్ల కిందట నా కూతురి పెళ్లిలో ఆమె మొదటి మాట ఎత్తుకుని ఆగిపోయింది. గోర్ బోలి ఆమెకు అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం తడుముకుంటుంది. తప్పు మాదే, చదువు పాడవుతుందని ఇంట్లో తెలుగే మాట్లాడాం. పొరుగింటి అవ్వ ఒకామె వచ్చి, నా కూతురి భుజాల మీద చేతులు వేసి, ఆమె పాడాల్సిన పాట తాను పాడింది. పిల్ల వింటూ నిలబడింది. ఇలా ఎన్ని తండాల్లో జరుగుతోంది? 2001కీ 2011కీ మధ్య మా పిల్లల్లో ఎందరు భాష వదిలేశారు? రాసేటప్పుడు కొందరిని తెలుగులో వేసి, సర్దేటప్పుడు మిగతావాళ్లను హిందీలో కలిపితే ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు.

5. చిన్న భాషలవాళ్లకు. మేము లక్షల్లో ఉన్నాం కనుక మా పేరైనా ఉప పట్టికలో కనిపిస్తుంది. 10,000 మంది లేని భాషకు అదీ లేదు. ఆరిపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నవి ఆ భాషలే, పట్టికలో కనపడనివీ అవే. అండమాన్‌లో బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. అంత చిన్న భాషకు మీ పట్టికలో చోటే ఉండదు. ఈ హద్దు మొదటినుంచీ లేదు, 1971లో వచ్చింది. ట్యాబులు, యాప్‌లు లేని 1961లోనే 1,652 మాతృభాషల పేర్లు బయటపెట్టారు. కొన్నిటి పక్కన ఒకే ఒక్క మనిషి అని ఉన్నా, ఆ ఒక్కరినీ వదలకుండా వేశారు.

ఒక మాట ఇక్కడే స్పష్టం చేస్తాను. తెలంగాణలో రిజర్వేషన్ల విషయమై ఆదివాసీ సోదరులకూ మాకూ మధ్య వివాదం నడుస్తోంది. ఈ లేఖకు దానితో సంబంధం లేదు. గోండు, కోయ, కొలాం, ఎరుకల, ఒడ్డెర ఇళ్లలో అవ్వలు మనవళ్లతో ఏ భాష మాట్లాడుతున్నారో ఆ భాష ఆ పేరుతోనే లెక్కలోకి రావాలి. మా కోసం అడుగుతున్నది వాళ్ల కోసం కూడా అడుగుతున్నాను.

మా డిమాండ్లు ఇవి:

1. లంబాడీ, లమానీ, బంజారీ, సుగాలీ, గోర్ బోలి, గోర్మాటి అని ఎవరు ఏ పేరు చెప్పినా వాటిని ఒకే భాషగా కలిపి, హిందీ నుంచి విడదీసి, సొంత పేరుతో పట్టికలో చూపించాలి. ఆ పేరు ఏది కావాలో నిర్ణయించే ముందు తండాల పెద్దలతో, మా భాషలో రాస్తున్నవాళ్లతో బహిరంగంగా చర్చించాలి.

2. ఏ భాషనైనా మరో భాష కింద వేస్తే, ఎందుకు వేశారో, ఏ ఆధారంతో వేశారో రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ భాషవాళ్లు అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. ఓటర్ల జాబితాకు ముసాయిదా ఉంది, అభ్యంతరాలకు అవకాశం ఉంది. భాషల జాబితాకు ఎందుకు ఉండకూడదు?

3. 10,000 హద్దు ఎత్తేయాలి. వ్యక్తుల వివరాలు బయటపడతాయన్న భయం ఉంటే ఊరి స్థాయి అంకె దాచండి, రాష్ట్ర స్థాయి అంకె ఇవ్వండి. 2011లో 'ఇతరాలు'లో పడేసిన 1,474 పేర్ల జాబితాను కూడా బయటపెట్టాలి.

4. ఈసారి లెక్క యాప్‌లో జరుగుతుంది. మాతృభాష దగ్గర జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి పెడితే, అందులో ఈ భాషల పేర్లన్నీ ఉండాలి. లేని పేరును ఉన్నది ఉన్నట్టు టైపు చేసే వీలుండాలి. ఇంటి యజమానికి రాసిన భాష మిగతావాళ్లందరికీ దానంతటదే పడిపోకూడదు. ఒక్కొక్కరి దగ్గర విడిగా అడిగాకే ముందుకు కదిలేలా పెట్టాలి.

5. తండాల్లో, గూడేల్లో ఆ భాష వచ్చిన ఎన్యూమరేటర్‌ను వేయాలి. దొరకని చోట చదువుకున్న స్థానిక యువతను తోడు పంపాలి.

6. రాసిన మాతృభాషను ఆ ఇంటివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు ఔనన్నాకే ఖాయం చేయాలి. ఎవరికి వాళ్లు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే పేజీలో మాతృభాష అంటే ఏమిటో పైన చెప్పిన నిర్వచనం తేలిక మాటల్లో కనబడాలి.

7. భాషల లెక్క వెలువడటానికి ఇంకోసారి ఏడేళ్లు పట్టకూడదు. జనాభా అంకెలతో పాటే గడువు ప్రకటించాలి.

తోటి ఉపాధ్యాయులారా, మీకు విడిగా ఒక విన్నపం. ఎండ ఉంటుంది, ఇళ్లు మిగిలిపోతాయి, పైనుంచి ఫోన్లు వస్తుంటాయి. ఆ కష్టం నేనూ పడ్డాను. అయినా ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 'మీ భాష ఏంటి?' అని తెలుగులో అడిగితే చాలామంది మర్యాదకో, బెరుకుకో 'తెలుగే సార్' అంటారు. 'చిన్నప్పుడు మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది?' అని అడగండి. మొహంలో మార్పు మీకే తెలుస్తుంది. వాళ్లు చెప్పిన పేరు మీరు ఎన్నడూ విననిదైనా సరే, రెండుసార్లు పలికించుకుని అదే రాయండి. ఎరుకల ఇంటికి వెళ్తే నేను చేసినట్టు చేయకండి.

తండాల్లోని అన్నలకు, అక్కలకు, మా పిల్లలకు: ఎన్యూమరేటర్ అడగకపోయినా మీరు చెప్పండి. తెలుగు వచ్చు, హిందీ వచ్చు అని చెప్పడానికి ఫారంలో వేరే ప్రశ్న ఉంది, అవి అక్కడ రాయించుకోండి. మాతృభాష దగ్గర మాత్రం యాడి మాట్లాడిన భాష పేరే చెప్పండి. రాసింది చదివి వినిపించమని అడగండి.

అధికారులారా, మనుషుల్ని లెక్కించే రెండో విడతకు శిక్షణ తరగతులు మొదలయ్యేలోపు ఈ ఏడు డిమాండ్లకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకో చెప్పండి. మా అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఈసారి వచ్చేవాళ్లు ఏం అడుగుతారో, తాను ఏం చెప్పాలో నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. వాకిట్లో కూర్చుని తానే చెబుతానంటోంది.

ఇట్లు,
తండాలో పుట్టిన ఒక ఉపాధ్యాయుడు, 2011 జనగణన ఎన్యూమరేటర్